పిల్లల కళ్ళకలకకి మెడికల్ షాపు చుక్కలు వేసే ముందు సీసా మీద మందు పేరు చదవండి

రెండేళ్ళ బాబుకి నిన్నటి నుంచి ఒక కన్ను ఎర్రగా ఉంది, పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోతున్నాయి, మెడికల్ షాపులో ఏదో చుక్కల మందు ఇచ్చారు, అత్తగారేమో చనుబాలు వేయమంటున్నారు, ఏది చేయాలి అని అడిగారు కదండీ. ప్రస్తుతానికి రెండూ వద్దు. ముందు ఆ సీసా తీసి, కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేర్లు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్, వీటిలో ఏది కనబడినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. కంటి డాక్టర్ స్వయంగా పరీక్ష చేసి రాస్తే తప్ప అది పిల్లల కంట్లో పడకూడదు.

2023 వానాకాలంలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ కళ్ళకలక ఎలా పాకిందో మీకూ గుర్తుండే ఉంటుంది. మా పెద్దవాడు అప్పుడు యూకేజీ, వాడి క్లాసులో చాలామందికి వచ్చింది, వాడికీ వచ్చింది. షాపుకి వెళ్తే "అందరికీ ఇదే ఇస్తున్నామమ్మా, రెండు రోజుల్లో ఎరుపు పోతుంది" అని ఒక సీసా చేతిలో పెట్టారు. మా వదిన స్టాఫ్ నర్సు, సీసా ఫోటో తీసి పంపితే వెంటనే ఫోన్ చేసింది. మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పక్కనే డెక్సామెథాసోన్ అని ఉంది. "మూత తీయకు, పిల్లాణ్ణి తీసుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళు" అంది. ఆ డాక్టర్ చూసి ఇది వైరస్, యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు అని కన్నీటిలా కంటిని తడిగా ఉంచే చుక్కలు మాత్రం రాసి, చల్లటి తడిగుడ్డ పెట్టమన్నారు. మెల్లగా తగ్గింది, చూపుకి ఏ ఇబ్బందీ రాలేదు.

స్టెరాయిడ్ వేస్తే ఎరుపు, వాపు త్వరగా తగ్గుతాయి, పిల్లాడు హాయిగా ఆడుకుంటాడు, మనకి టెన్షన్ పోతుంది. మోసమంతా అక్కడే ఉంది, ఎందుకంటే లోపల క్రిమి చావలేదు, దానితో పోరాడే ఒంటి శక్తినే మనం తగ్గించేశాం. మామూలు కళ్ళకలక వైరస్ అయితే ఇంకొన్నాళ్ళు లాగుతుంది. హెర్పిస్ వైరస్ అయితే నల్లగుడ్డు మీద పుండు పెరిగి మచ్చ మిగిలిపోవచ్చు. పుల్లో, వరి ఆకో గీసుకుని ఫంగస్ పట్టిన కంట్లో వేస్తే ఇంకా ఘోరం. ఎక్కువ కాలం వాడితే కంటి లోపల ప్రెషర్ పెరుగుతుంది, శుక్లాలు రావచ్చు. మా ఆడపడుచు కొడుక్కి ఏటా ఎండాకాలం అలర్జీతో కళ్ళు దురద పెట్టేవి, స్టెరాయిడ్ చుక్కలు వేసిన ప్రతిసారీ ఉపశమనంగా ఉండేసరికి షాపులో అదే సీసా అడిగి తెచ్చుకుంటూ వచ్చారు, చివరికి స్కూల్లో బోర్డు సరిగ్గా కనబడట్లేదని తీసుకెళ్తే ప్రెషర్ ఎక్కువగా ఉందని తేలింది. ఇప్పుడు ఆ ప్రెషర్ తగ్గడానికి రోజూ చుక్కలు వేస్తున్నారు. అసలు ఇవన్నీ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు, అయినా అడిగిన వాళ్ళందరికీ ఇచ్చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక మీ బాబు సంగతి. చిక్కటి పసుపు లేదా ఆకుపచ్చ పుసి, తుడిచిన కాసేపటికే మళ్ళీ వస్తుంటే సాధారణంగా బ్యాక్టీరియా వల్ల. నీళ్ళు ఎక్కువ కారుతూ పుసి తక్కువగా ఉండి, జలుబో జ్వరమో తోడుంటే వైరస్ వల్ల, అది ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. రెండు కళ్ళూ తెగ నలుపుకుంటూ, తీగలా సాగే తెల్లటి పుసి వస్తుంటే అలర్జీ. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి రకంలా ఉంది, చిన్నపిల్లల్లో అదే ఎక్కువ, కానీ నేను ఇక్కడ కూర్చుని తేల్చగలిగేది కాదు. కంటి డాక్టర్ దగ్గరికి గంట ప్రయాణం అన్నారు, ఈ లక్షణాలు మాత్రమే ఉంటే ముందు మీ ఊళ్ళో పిల్లల డాక్టర్‌కి చూపించినా చాలు. అవసరమనిపిస్తే ఉత్త యాంటీబయాటిక్ చుక్కలు రాస్తారు. ఎన్ని రోజులు వేయమంటే అన్ని రోజులూ వేయండి, తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి.

అతుక్కుపోయిన రెప్పల్ని బలవంతంగా లాగొద్దండి, పిల్లాడికి నొప్పి పుడితే తర్వాత దగ్గరికి కూడా రానివ్వడు. నీళ్ళు మరిగించి చల్లార్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు దూది ముంచి, పిండి, రెప్ప మీద కాసేపు ఆనించి ఉంచితే ఎండిన పుసి మెత్తబడుతుంది. అప్పుడు ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయాలి, మళ్ళీ తుడవాలంటే కొత్త దూది, రెండో కంటికి ఇంకొకటి. ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కోండి.

చుక్కలు వేయడానికి ఇద్దరు గట్టిగా పట్టుకుని రెప్పలు విప్పాల్సిన పని లేదు. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టండి, కళ్ళు మూసుకున్నా ఫర్వాలేదు, ముక్కు పక్కన కంటి మూలలో ఉండే చిన్న గుంటలో ఒక్క చుక్క వేసి, తల కదలకుండా పాటో కథో చెప్పండి. వాడు కళ్ళు తెరవగానే మందు అదే లోపలికి జారుతుంది. సీసా మూతి రెప్పలకి తగలకూడదు. రెండు రకాల మందులు రాస్తే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాసి పెట్టుకోండి, చాలా చుక్కల మందులు తెరిచిన నెల రోజుల తర్వాత వాడకూడదు. పోయినేడు మిగిలినవి, పక్కింటి వాళ్ళవి అసలే వద్దు.

అత్తగారికి కోపం రాకుండా మీరే నెమ్మదిగా చెప్పుకోవాలి. చనుబాలు బిడ్డ కడుపుకి అమృతమే, పుసి కట్టిన కంట్లో మాత్రం వేస్తే క్రిములు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. ఆముదం, తేనె, ఉల్లిరసం, నందివర్ధనం పూల రసం ఏవీ శుభ్రం చేసిన మందులు కావు. కాటుక కూడా పూర్తిగా మానేయండి, పెట్టే వేలితో పాటే క్రిములూ వెళ్తాయి, కొన్ని కాటుకల్లో సీసం కూడా ఉంటుంది. మా అమ్మ దిష్టి తగులుతుందని బాధపడితే అరికాలికి పెట్టుకోమన్నాను, సరేనంది.

నెలల పిల్లల సంగతి వేరు, ఇది చదివే వాళ్ళలో పసిపిల్లల తల్లులుంటే వాళ్ళ కోసం రాస్తున్నాను. పుట్టిన మొదటి నెలలో కళ్ళు ఎర్రబడి పుసి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, తల్లి నుంచి కాన్పులో సోకే ఇన్ఫెక్షన్లు కొన్ని చాలా త్వరగా నల్లగుడ్డుని పాడుచేస్తాయి. కన్ను తెల్లగానే ఉండి ఊరికే నీళ్ళూ పుసీ వస్తుంటే చాలాసార్లు కన్నీటి నాళం తెరుచుకోకపోవడం కారణం. మా చిన్నదానికి అదే. డాక్టర్ ముందు మా చేతే చేయించి చూపించారు, గోళ్ళు కత్తిరించుకున్న చిటికెన వేలుతో కంటి మూల నుంచి ముక్కు పక్కగా కిందికి నొక్కుతూ జరపాలి, రోజుకి కొన్నిసార్లు. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపే తెరుచుకుంటుంది, మా దానికీ అలాగే తగ్గింది.

ఇవి కనబడితే మాత్రం పిల్లల డాక్టర్‌తో ఆగకుండా, రాత్రైనా సరే పెద్దాసుపత్రికి బయల్దేరండి: వెలుతురు చూస్తే ఏడవడం, పుసి తుడిచాక కూడా కన్ను తెరవలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, రెప్ప బాగా వాచి జ్వరం రావడం, గుడ్డు ముందుకు పొడుచుకు వచ్చినట్టు ఉండటం, కంటికి దెబ్బ తగలడం, మందు వేసిన రెండు మూడు రోజులకీ తగ్గకపోగా పెరగడం. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, వరంగల్, విశాఖ, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి, డబ్బు గురించి ఆలోచించి ఆలస్యం చేయకండి. ఆ షాపు చుక్కలు ఇప్పటికే వేసి ఉంటే ఆ సీసా కూడా వెంట తీసుకెళ్ళి, ఎన్నిసార్లు వేశారో చెప్పండి.

ఇంట్లో ఇంకొకరికి అంటకుండా బాబు తువ్వాలు, దిండు గలీబు వేరుగా పెట్టి వేడినీళ్ళలో ఉతకండి. చూస్తే అంటుకుంటుందని కొందరు నల్లద్దాలు పెడతారు, అది చేతులు, గుడ్డల ద్వారా పాకుతుందే కానీ చూపుతో కాదు, అద్దాలు వెలుతురు పడనివాళ్ళకి హాయి కోసమే. అంగన్‌వాడీకి పంపొచ్చా అని చివర్లో అడిగారు, నీళ్ళూ పుసీ కారడం పూర్తిగా ఆగేదాకా ఇంట్లోనే ఉంచండి, టీచర్‌కి విషయం చెప్తే మిగతా తల్లిదండ్రులు కూడా జాగ్రత్తపడతారు.