రామగుండం ఎండకన్నా మచిలీపట్నం ఉక్క ఎందుకు ఎక్కువ బాధిస్తుంది?

రామగుండంలో 44 డిగ్రీల ఎండకు తట్టుకున్నవారు మచిలీపట్నంలో 38 డిగ్రీలకే ఎందుకు సొమ్మసిల్లిపోతారన్నది ప్రశ్న. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమ నిండిన గాలిలో అది ఆరకుండా కారిపోతుంది కనుక, ఒంట్లోని నీరూ ఉప్పూ పోతాయే గాని వేడి పోదు. భారత వాతావరణ శాఖ కూడా వడగాలులను లెక్కించడానికి మైదానాల్లో 40 డిగ్రీలను, తీరప్రాంతంలో 37 డిగ్రీలనే హద్దుగా పెట్టుకుంది.

అలాగని పొడి ఎండను తేలిగ్గా తీసుకోకూడదు. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు. మధ్యాహ్నానికి కూలీ చొక్కా వీపున తెల్లగా కట్టిన ఉప్పు చారలను చూస్తేనే ఎంత పోయిందో అర్థమవుతుంది. అప్పుడు మంచినీళ్లొక్కటే చాలవు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని, లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపిన ద్రావణం గాని దాహం వేయకముందే తాగుతుండాలి. పని తెల్లవారుజామునే మొదలుపెట్టించి పదకొండింటికల్లా ఆపించడం మేస్త్రీ బాధ్యతేనని నా గట్టి అభిప్రాయం.

మనిషి మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బేనని భావించి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ, వెంటనే 108కు ఫోన్ చేయాలి; స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.