పక్కవారు కాలువ పూడ్చారని వరి మానుకోవాలా?

ప్రశ్న: ఇబ్రహీంపట్నం వైపు మా నాన్నగారికి చెరువు కింద రెండెకరాల తరి పొలం ఉంది. తూము నుంచి వచ్చే పిల్ల కాలువ ముప్పై ఏళ్లకు పైగా పక్క పొలం మీదుగానే పారేది. నిరుడు ఆ పొలం కొన్నవారు కాలువ పూడ్చి కంచె వేశారు. మా బోరుకు దగ్గరలోనే మరో బోరు వేయించారు. గొడవలెందుకని నాన్న ఈ యాసంగికి వరి బదులు జొన్న వేద్దామంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, ఎల్.బి.నగర్

జవాబు: నీళ్లు లేనప్పుడు జొన్న వేయడం తప్పు కాదు, కానీ ఏ ఫిర్యాదూ చేయకుండా వేస్తే, ఆ కాలువ అవసరం మీకు తీరిపోయిందని రేపు అవతలివారు వాదిస్తారు. హైదరాబాదు చుట్టూ తరి పొలాలు మెట్టగా, ఆ తరువాత బీడుగా, చివరకు ప్లాట్లుగా మారడం చాలాచోట్ల ఇలాంటి రాజీతోనే మొదలవుతోంది. అది నాకు బాధ కలిగించే విషయం.

ముందుగా గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) నకళ్లు తీసుకోండి. కాలువ అందులో ప్రభుత్వ కాలువగా ఉంటే దానిని పూడ్చే అధికారం పట్టాదారుకు లేదు కనుక, తహసీల్దారుకూ నీటిపారుదల శాఖ ఇంజనీరుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. నక్షాలో లేకపోయినా, 20 ఏళ్ల పాటు బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా నీరు పారించుకున్నవారికి పక్క భూమి మీదుగా పారుదల హక్కు ఏర్పడుతుంది. అయితే అడ్డంకి సంగతి తెలిసి ఏడాది పాటు సహించి ఊరుకుంటే ఆ వాడకానికి అంతరాయం కలిగినట్లే లెక్క. పైగా ఆ 20 ఏళ్ల కాలం దావాకు ముందు రెండేళ్లలోపు ముగిసినదై ఉండాలి. కాలువ పూడ్చింది నిరుడే కాబట్టి ఇక జాప్యం చేయకండి.

మీకున్న బలమైన సాక్ష్యం మీ పంటే. పాత పహాణీలలో పంట పేరు, నీటి ఆధారం నమోదయ్యే గడులు ఉంటాయి. ఏటేటా అక్కడ వరి, చెరువు అని ఉంటే సాక్షుల మాటకంటే అది గట్టిగా నిలుస్తుంది. వాటితో సివిల్ కోర్టులో హక్కు ప్రకటనకు, కాలువ పునరుద్ధరణకు దావా వేసి, తాత్కాలిక ఉత్తర్వుతో పాటు అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు నియమించే న్యాయవాది) తనిఖీ కోరండి. గట్టులో మిగిలిన తూము రాళ్లు, పూడ్చిన కొత్త మట్టి వానలకు చెదరకముందే కమిషనర్ నివేదికలోకి ఎక్కాలి.

బోరు సంగతి వేరు. భూమి లోపల ఊరే నీటిపై ఇలాంటి హక్కు రాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఆ బోరుకు అనుమతి ఉందో లేదో సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకుని, లేకపోతే తహసీల్దారుకు ఫిర్యాదు చేయండి.

కొట్లాట జరిగే ప్రమాదం ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 166వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు. కానీ ఏడాదిలో కొన్ని సీజన్లలోనే వాడుకునే హక్కయితే, కిందటి సీజన్‌లో దానిని వాడుకున్నట్లు చూపాలి. కంచెను మాత్రం మీరు స్వయంగా తొలగించకండి. అలా చేస్తే కేసు మీ మీదకే మళ్లుతుంది.