రొయ్యల పొట్టు కంపు, తడి చెత్త సమస్య

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటు. ఆదివారం చేపలో రొయ్యలో వండుకుంటాం. పొట్టు, మిగిలిన పులుసు, అన్నం అన్నీ ఒకే కవరులో మూటగట్టి బుట్టలో వేస్తే, మర్నాడు చెత్త బండి వచ్చేలోపే వంటిల్లు కంపు కొడుతోంది. ఫినాయిల్ చల్లినా, అగరొత్తులు వెలిగించినా కాసేపటికి మళ్లీ మొదలవుతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఫినాయిల్, అగరొత్తులు కంపును కాసేపు కప్పిపెట్టగలవే కానీ, అది పుట్టే చోటును తాకలేవు. సముద్రపు చేపల్లోనూ రొయ్యల్లోనూ ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. దానికి వాసన లేదు. ప్రాణం పోయిన తర్వాత బ్యాక్టీరియా దానిని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది, మనం నీచు కంపు అనేది ప్రధానంగా దానినే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది కాబట్టి, రోహిణి కార్తెలో మన జిల్లా ఎండకు రొయ్య తలలు రాత్రికి రాత్రే కుళ్లిపోవడంలో ఆశ్చర్యం లేదు. దానికితోడు పులుసు, అన్నం కలిసిన తడి మూటను గట్టిగా బిగిస్తే లోపల గాలి ఆడదు; గాలి లేని చోట కుళ్లే పదార్థం నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడుతుంది.

కాబట్టి నీచు చెత్తను మిగతా చెత్తతో కలపకపోవడమే అసలైన మందు. రొయ్యలు ఒలిచిన వెంటనే తలలు, పొట్టు, చేపల మొప్పలు, పేగులు చిల్లుల గిన్నెలో వేసి నీరు ఓడ్చి, పాత వార్తాపత్రికలో రెండు మడతలు చుట్టి, ఒక డబ్బాలో పెట్టి మూత వేసి ఫ్రీజర్‌లో ఉంచండి. చెత్తను ఫ్రీజర్‌లో పెట్టడమేమిటని మొదట మనసు ఒప్పుకోకపోవచ్చు, కానీ గడ్డకట్టిన పొట్టు కుళ్లదు, కంపూ కొట్టదు. బండి గంట వినిపించాక తీసి తడి చెత్తలో వేస్తే చాలు. తడి, పొడి చెత్తలను ఇంట్లోనే వేరు చేయాలని ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చెబుతున్నాయి.

మిగిలిన పులుసును సింకులో పారబోయకండి. నూనె గొట్టం వంపులో పేరుకుని అక్కడినుంచి మరో వాసన మొదలవుతుంది. వడకట్టి, పిప్పిని కాగితంలో చుట్టి వేయండి.

ఇక బుట్ట సంగతి. కవరు చిరిగి అడుగున ఊరిన నీరే చాలా ఇళ్లలో అసలు దోషి. బుట్టను సబ్బుతో తోమిన తర్వాత వెనిగర్ గానీ చింతపండు పులుసు నీళ్లు గానీ పోసి కాసేపు ఉంచి కడగండి. నీచు వాసన క్షార స్వభావం గలది, పులుపు దానిని విరిచేస్తుంది. చేప ముక్కలను ఉప్పు, చింతపండుతో రుద్ది కడిగే మన పెద్దల పద్ధతిలో ఉన్న శాస్త్రం ఇదే. తర్వాత బుట్టను ఎండలో బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి, అడుగున ఎండు కాగితం పరవండి. ఒక హెచ్చరిక: బ్లీచింగ్ పౌడర్ వాడిన బుట్టలో వెనిగర్ ఎన్నడూ పోయవద్దు, ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ప్రశ్న: మిద్దె మీద కుండలో కూరగాయల తొక్కులు, పాడైన పెరుగన్నం వేసి ఎరువు చేస్తున్నాను. ఘాటైన దుర్గంధం వస్తోంది, పురుగులు కూడా పడ్డాయి. – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తడి ఎక్కువైంది. పెరుగన్నం, మాంసం, నూనె కూరలు అందులో వేయకండి. ఉన్నదానిని కర్రతో కలియబెట్టి, ఎండుటాకులో కొబ్బరి పొట్టో ధారాళంగా కలపండి, ఆపై వేసిన ప్రతి పిడికెడు తొక్కుల మీదా అదే కప్పండి. కుండకు పక్కల రంధ్రాలు లేకపోతే పెట్టించి, మూతకు బదులు పలుచని గుడ్డ కట్టండి. ఈగలు గుడ్లు పెట్టే దారి మూసుకుంటుంది. పిడికిట్లో పిండితే చేతికి తడి తగలాలి, నీరు మాత్రం కారకూడదు.