మెటల్ విమానం అని చెప్పి ప్లాస్టిక్‌ది పంపారు, వెనక్కి తీసుకోరట!

సందేహం: నాన్నగారు మొదటిసారి అమెరికా వెళ్లింది ఎయిర్ ఇండియా బోయింగ్ 747-400లో. ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకి ఆ విమానం డైకాస్ట్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసే) మోడల్‌ని, 1:200 స్కేల్‌ది, అంటే అసలు దానిలో 200వ వంతు పొడవుండేది, ముంబయిలోని ఒక షాపు వెబ్‌సైట్‌లో రూ.14,500 పెట్టి కొన్నాను. పూర్తి మెటల్ అని రాశారు. వచ్చింది చూస్తే తేలిగ్గా ఉంది, అయస్కాంతం అంటుకోవడం లేదు. విరిగి ఉన్న రెక్క కొసని ఫెవిక్విక్‌తో అతికించాను. కలెక్టిబుల్స్‌కి రిటర్న్ లేదు, పార్సిల్ విప్పుతున్నప్పుడు మీరు అన్‌బాక్సింగ్ వీడియో తీయలేదు, కేసు వేస్తే ముంబయిలోనే వేసుకోండి అంటున్నారు. పార్సిల్ వచ్చి 12 రోజులైంది. ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

సమాధానం: ముందు ఆ అయస్కాంతం సంగతి పక్కన పెట్టండి. డైకాస్ట్ మోడళ్లను సాధారణంగా జింక్ మిశ్రమంతో పోత పోస్తారు. జింక్‌కి అయస్కాంతం అంటుకోదు. మీరు ఇదే రుజువని వినియోగదారుల కమిషన్ ముందు పెడితే, అవతలి లాయరు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

మీ అసలు బలం మీరు పంపిన రెండో ఫొటోలో ఉంది. మోడల్ పక్కన స్కూలు స్కేలు పెట్టి తీశారు. ముక్కు నుంచి తోక దాకా 28 సెంటీమీటర్లు కనిపిస్తోంది. అసలు 747-400 పొడవు 70.66 మీటర్లు. 200తో భాగిస్తే 35 సెంటీమీటర్లు దాటాలి. 28 అంటే అది 1:250 స్కేలు. ముక్కలు ఒకదానిలో ఒకటి బిగించే ప్లాస్టిక్ మోడళ్లు ఆ సైజులో కూడా వస్తాయి. లోహమా, ప్లాస్టిక్కా అన్నది తేల్చడానికి కమిషన్ ల్యాబ్‌కి పంపొచ్చు, ఆ ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. పొడవు కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కాబట్టి ఫిర్యాదులో స్కేలు తేడానే ముందు రాయండి, మెటల్ విషయం తర్వాత.

ఇక 'రిటర్న్ లేదు' అన్న మాట. మనసు మార్చుకుని వెనక్కి ఇస్తానంటే అది చెల్లుతుంది. చెప్పిన వస్తువు కాకుండా వేరేది పంపినప్పుడు చెల్లదు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అన్‌బాక్సింగ్ వీడియో ఉండి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. ఉంటే మంచిదే, అంతే. ముంబయికి వెళ్లే టెన్షన్ కూడా వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివాసం ఉన్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. అంటే హైదరాబాద్ జిల్లా కమిషన్‌లోనే.

రెక్క కొస విషయంలో మాత్రం జాగ్రత్త. మీరే అతికించారు కాబట్టి, విరిగింది కూడా మీ చేతుల్లోనే అంటారు. అతికించిన మాట దాచకండి, కేసుని మాత్రం దాని మీద నిలబెట్టకండి. ఇంకేమీ అతికించొద్దు, డబ్బా, థర్మాకోల్ పారేయొద్దు.

ఆ షాపు పేజీ ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి. రేపు 'మెటల్' అన్న పదం మాయమైపోవచ్చు. ఫిర్యాదులు చూసే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయండి, చాలా చిన్న గొడవలు అక్కడే తెగిపోతాయి. అప్పటికీ కదలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. స్క్రీన్‌షాట్లు, ఈమెయిళ్లకి భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం)లోని 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకి కావాల్సిన సర్టిఫికెట్ జత చేయండి, చాలామంది ఇక్కడే తప్పుతారు.

14,500 రూపాయలు, వడ్డీ, ఖర్చులు, మనోవేదనకి ఒక సబబైన మొత్తం అడగండి. లక్షలు అడిగితే మీ మాట మీదే నమ్మకం పోతుంది. ఆ మోడల్ నాన్నగారి కోసమని ఫిర్యాదులో ఒక వాక్యం తప్పకుండా రాయండి, మనోవేదనకి పరిహారం అడగడానికి కారణం అదే.