పిల్లల సభ పెట్టబోతున్న మేనకోడలికి

చిట్టీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరి నాలుగు నెలలు నిండలేదు, అప్పుడే ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లతో పిల్లల సభ పెడుతున్నావట. ఎన్నికలు జరిపిస్తావట, అర్జీలు రాయిస్తావట, గ్రామసభకి కూడా తీసుకెళ్తావట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. 31 ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని. సివిక్స్ అంటే పరీక్షకి ముందు బట్టీ పట్టించే పాఠం అనుకునేవాళ్ల మధ్యే ఉద్యోగం చేశాను. నా మేనకోడలు దాన్ని ఊళ్లోకి తీసుకెళ్తానంటే గర్వంగా ఉండదా? ఉంది. టెన్షన్ కూడా అంతే ఉంది. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకున్నాను.

హెడ్మాస్టారి దగ్గర అనుమతి నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకో. తల్లిదండ్రుల కమిటీకి ముందే చెప్పు. వారానికి ఒక్క పీరియడ్ చాలు. పదో తరగతి వాళ్ల జోలికి వెళ్లకు, వాళ్ల స్టడీ అవర్లు వాళ్లకే సరిపోవు.

లీడర్ని చేతులెత్తించి ఎన్నుకోకు. మన ఊళ్లలో బెంచీల మీద కూడా వీధులుంటాయి, నీకు తెలియనిది కాదు. ఈ వీధి పిల్ల ఆ వీధి అబ్బాయికి చెయ్యెత్తితే సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. ఒక బిస్కెట్ డబ్బాకి చిల్లు పెట్టు, చీటీల మీద గొడుగు, మామిడికాయ, సైకిలు చక్రం లాంటి గుర్తులు వేయించు, మూలన చీర అడ్డం కట్టు. ఎడమ చూపుడు వేలికి మార్కర్‌తో ఒక గీత పెట్టు. ఓటు రహస్యంగా ఎందుకుండాలో ఆ చీర వెనక నిలబడితే వాళ్లకే అర్థమవుతుంది.

గెలిచినవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించావంటే ఆ ఎన్నిక దండగ. అది కాపలా పని. లీడరంటే వారానికోసారి అందరి ముందూ నిలబడి, మీరు నాలుగు పనులు చెప్పారు, రెండయ్యాయి, రెండు కాలేదు, ఇదిగో ఇందుకు కాలేదు అని లెక్క చెప్పాలి. సరిగ్గా చెయ్యకపోతే దింపే పద్ధతి కూడా ముందే రాసి గోడకి అంటించు. ఇంకో మాట. ఆడపిల్లని "అసిస్టెంట్ లీడర్" చేసి సరిపెట్టావని విన్నానంటే నీతో మాట్లాడను.

ఇప్పుడు గ్రామసభ సంగతి. ఈ ఉత్తరం రాస్తున్నది దీనికోసమే. మీ నాన్నకి కూడా నేనిది పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

ప్రభుత్వం జన్మభూమి కార్యక్రమం మొదలుపెట్టిన ఏడాది, 1997. ఊరూరా గ్రామసభలు జరుగుతున్నాయి. పంచాయతీలకి సంబంధించిన రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, ఆ మరుసటి ఏడాది మన రాష్ట్రంలో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. కొత్త పాఠం చెప్పే ఊపులో ఉన్నాను. మా బడి బోరు పాడై ఏడు నెలలు. మధ్యాహ్నం పిల్లలు చెరువు గట్టు దాకా వెళ్లి నీళ్లు తాగొచ్చేవాళ్లు. దీని గురించి పిల్లలే అడిగితే బాగుంటుందనుకున్నాను. తొమ్మిదో తరగతిలో గొంతు బాగా పలికే పిల్ల ఒకతి ఉండేది. తన పేరు రాయను. తెల్లకాగితం మీద రెండు వాక్యాలు నేనే రాసిచ్చి, మూడు రోజులు చెప్పించుకున్నాను.

సభ రావిచెట్టు కింద. ఆడవాళ్లకి చాపలు వేశారు. నేను రెండో వరుసలో కూర్చున్నాను. ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని లేచింది. మొదటి వాక్యం బోరు బాగుచేయించమని. రెండోది, బాగుచేయించినట్టు పోయిన ఏడాది రాసుకున్న డబ్బు ఏమైందని. ఆ రెండో వాక్యం పిల్లలది కాదు, చిట్టీ. నా కోపం అది. నేను అడగాల్సిన మాటని పద్నాలుగేళ్ల పిల్ల నోట్లో పెట్టాను.

సభ నిశ్శబ్దమైపోయింది. ముందు కూర్చున్న పెద్దమనిషి ఒకాయన నెమ్మదిగానే అన్నాడు, "ఓటు లేని పిల్లవి, నీకిక్కడేం పనమ్మా? ఎవరు రాసిచ్చారు నీకు?" ఆ పిల్ల నా వైపు చూసింది. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. అంతసేపూ కాదు, నాలుగు క్షణాలు. "నేనే రాసుకున్నానండీ" అంది ఆ పిల్ల.

పది రోజుల్లో బోరు బాగైంది. స్టాఫ్ రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఉగాది వెళ్లాక తెలిసింది, వాళ్ల నాన్న కౌలుకి చేస్తున్న రెండెకరాలూ తప్పించేశారని. ఆ పొలం ఆ పెద్దమనిషి బావమరిదిదట. నేను కనుక్కోలేదు. పరీక్షలకి వారం ముందు వాళ్లు ఊరొదిలి వెళ్లిపోతున్నారు. క్లాసు టీచర్ని కాబట్టి టీసీ నేనే రాశాను. బడి మానడానికి కారణం అన్నచోట "కుటుంబం వలస" అని నా చేత్తోనే రాశాను.

ఆ సాయంత్రం వాళ్లింటికెళ్లాను. వాళ్లమ్మ మజ్జిగిచ్చింది. "మీరేం చేస్తారు టీచరమ్మా" అంది. వాళ్ల నాన్న వసారాలో మంచానికి నులక బిగిస్తూ ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఆ పిల్ల గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. నేను వచ్చేటప్పుడు, "నా నోట్సు ఎవరికైనా ఇవ్వండి టీచర్, బాగా రాశాను" అంది. తర్వాత తన కబురు నాకు తెలియలేదు. ఎంతమందిని అడిగానో.

నువ్వు గ్రామసభకి వెళ్లొద్దని అనడం లేదు. వెళ్లు. కానీ పిల్ల నోట ఏ మాట వచ్చినా, దాన్ని "మా బడి మాట" అని ముందు లేచి చెప్పేది నువ్వై ఉండాలి. కాగితం మీద మొదటి సంతకం నీది. డబ్బు లెక్కల ప్రశ్న పిల్లల చేత అడిగించకు, అది పెద్దవాళ్లు అడగాలి. ఏ పిల్ల ఇంట్లో ఎవరి పొలం చేస్తున్నారు, ఎవరి దగ్గర అప్పుంది, ఎవరి కింద కూలికెళ్తున్నారు, ముందు తెలుసుకో. ఒక్కరిని నిలబెట్టకు, పదిమంది కలిసి వెళ్లనీ. పైగా రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లే. ఆ పెద్దమనిషి అన్నది చట్టం ప్రకారం తప్పు కాదు, నేనే ఆ పాఠం చెప్పి కూడా జవాబివ్వలేకపోయాను. ఓటున్న ఒక తల్లి ఆ అర్జీ పట్టుకుని లేస్తే ఎవరూ కూర్చోమనలేరు.

సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్పించు, కానీ వేసేటప్పుడు పెద్దవాళ్ల పేరుతోనే వేయించు. మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జవాబుకి 30 రోజులు. అర్జీ ఏదైనా రెండు కాపీలు రాయించి, రెండోదాని మీద ముద్ర వేయించుకుని రమ్మను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ నువ్వెలాగూ చెప్తావు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు, ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర 14 ఏళ్ల పిల్ల, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన కథ. తర్వాత ఆమే రాజ్యాంగ సభలో కూర్చుంది. పిల్లలు ఆ కథలో దుర్గాబాయినే చూస్తారు, చూడనీ. నువ్వు మాత్రం నెహ్రూని చూడు. పెద్దవాడు ఆగాడు, ఆ పిల్లని మెచ్చుకున్నాడు. మీ ఊరి పెద్దలు ఆగే రకమో కాదో తెలుసుకున్నాకే పిల్లని గుమ్మం దగ్గర నిలబెట్టు.

ఆలోగా బడిలోనే బోలెడు పనుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లుండాలి. ఉంటారు కూడా, కానీ చాలామంది తీర్మానాల రిజిస్టరు చూపిస్తే చదవకుండా సంతకం పెట్టేస్తారు. మీ పిల్లల చేత వాళ్ల అమ్మలకి ఆ తీర్మానం చదివించు. వేలితో ఒక్కో మాట కింద గీస్తూ చదవమను. అమ్మ "ఇదేంటి?" అని ఒక్కసారి అడిగితే చాలు, అక్కడ నీ పాఠం అయిపోయినట్టే. ఇందులో ఎవరి కౌలూ పోదు.

వచ్చే ఏళ్లలో ఈ పిల్లలకి 17 నిండగానే ఓటరు జాబితాలో చేరే దరఖాస్తు, ఫారం 6, ముందుగానే పెట్టుకోవచ్చని చెప్పడం మర్చిపోకు. 18 నిండాయా అని చూడ్డానికి ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తారీఖులు కూడా లెక్కలోకొస్తాయి.

వేళకి తింటున్నావా? గొంతు జాగ్రత్త, మిరియాల పాలు తాగు. నీ సభకి ఏ పేరు పెట్టుకున్నా నాకిష్టమే. పిల్లల్ని మొదటిసారి గ్రామసభకి తీసుకెళ్లే రోజు మాత్రం వారం ముందు చెప్పు. పొద్దున్న బస్సుకే బయల్దేరి వస్తాను. నాకు కింద కూర్చోవడం కష్టం, పిల్లల పక్కనే ఒక కుర్చీ వేయించు. మొదటి వరుసలో.

మీ అత్త