ఎలుక చచ్చాకే మా ఇంట్లో అసలు బాధ మొదలైంది

"ఇంట్లో చిట్టెలుకలు తిరుగుతున్నాయి, పది రోజులుగా కాళ్ల మీద దద్దుర్లు వస్తున్నాయి. ఎలుకల ఒంటి మీద ఉండే ఫ్లీలు మనుషుల్ని కుడతాయా? ఎలుకల మందు పెడితే రెండూ ఒకేసారి పోతాయా?" అని ఒకరు అడిగారు.

కుడతాయి. ఫ్లీలంటే రక్తం తాగే, ఎగిరి దూకే చిన్న పురుగులు. ఎలుకల మందు పెడితే మాత్రం అవి పోవు, మీ మీదకే వస్తాయి. మందు తెచ్చి ఉంటే ఇవాళ్టికి పక్కన పెట్టేయండి. ముందు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మా అత్తగారి ఇల్లు తెనాలి దగ్గర పల్లెలో పాత పెంకుటిల్లు. నాపరాళ్ల నేల, మధ్య గది మీద చెక్క అటక. అటక మీద ఇత్తడి గుండిగలు, మినుముల డబ్బాలు, మా అత్తయ్య పెళ్లినాటి బొంతలు. వరి కోతలు అయిపోతే పొలంలో ఎలుకలు ఊళ్లోకి వస్తాయని మా వైపు అందరికీ తెలుసు. ఆ ఏడు సంక్రాంతి ముందు మరీ ఎక్కువగా వచ్చాయి. రాత్రిపూట అటక మీద ఎవరో నడుస్తున్నట్టే ఉండేది. అరిసెల డబ్బా మూత చుట్టూ పంటి గాట్లు చూశాక మావారికి కోపం వచ్చింది. కొట్టుకెళ్లి ఎలుకల మందు తెచ్చి, ఉల్లిపాయ బజ్జీ ముక్కల్లో కూరి అటక నాలుగు మూలలా పెట్టారు. రెండో రోజుకే చప్పుడు ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం.

భోగి నాడు వాసన మొదలైంది. ఒక ఎలుక వసారాలో దొరికితే పేపరుతో తోక పట్టుకుని తీసుకెళ్లి పారేశారు. ఇంకోటి ఎక్కడ చచ్చిందో తెలియలేదు. పండగ పూట అగరొత్తులు వెలిగించి సరిపెట్టుకున్నాం.

కనుమ దాటిన రెండు రోజులకి పిల్లలిద్దరికీ చీలమండల దగ్గర దద్దుర్లు వచ్చాయి. ఎర్రటి దద్దు, మధ్యలో సూదిమొన అంత చుక్క. ఒకదాని పక్కన ఒకటి, రెండు మూడు వరసగా ఉండేవి. మోకాలి పైన ఒక్కటీ లేదు. దోమలేమో అనుకుని మస్కిటో కాయిల్ పెట్టాం. మా అత్తయ్య "పిండివంటలు ఎక్కువ తిన్నారు, వేడి చేసిందమ్మాయ్" అని మజ్జిగ తాగించింది. తగ్గకపోయేసరికి టౌనులో చర్మ వ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దూరం నుంచే చూసి గజ్జి అన్నారు. ఇంట్లో అందరూ మెడ నుంచి పాదాల దాకా రాసుకోమని ఐదు ట్యూబులు రాశారు. గజ్జి అయితే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, మడతల్లో రావాలి కదా. మా పిల్లల చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఇంట్లో ఎలుకలున్నాయా, పిల్లి ఉందా అని ఆయన ఒక్క ముక్క అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నతో మాకు రెండు వారాల నరకం తప్పేది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అసలు సంగతి బయటపెట్టింది మా చిన్నది. శనివారం స్కూలుకి తెల్ల సాక్సులు వేసుకుని, పుస్తకాల సంచి కోసం అటక కింద గదిలోకి వెళ్లి వచ్చింది. వచ్చి "అమ్మా, నా సాక్సు మీద నువ్వులు ఎగురుతున్నాయి" అంది. వంగి చూశాను. నువ్వుగింజ కంటే చిన్నగా, ముదురు గోధుమ రంగులో నాలుగైదు చుక్కలు ఉన్నాయి. వేలు పెడితే మాయం.

పిల్లల్ని స్కూలుకి పంపి, టార్చిలైటు తీసుకుని నిచ్చెన వేసుకుని అటకెక్కాను. పెద్ద గుండిగ వెనక బొంత మడతలో ఎలుక పడి ఉంది. ఎండిపోయింది, బొచ్చు మాత్రమే మిగిలింది. దాని చుట్టూ దూది, కాగితం ముక్కలు, చీర పోగులతో కట్టుకున్న గూడు. బొంత అంచు పట్టుకుని లాగానో లేదో, ముంజేయంతా చిటపటమని ఏదో తగిలింది. తల తిప్పి చూస్తే నల్ల చుక్కలు చేతి మీద నుంచి జాకెట్టు మీదికి దూకుతున్నాయి. కిందికి దిగి, తడి సబ్బుబిళ్ల అద్దితే ఒకటి అంటుకుంది. రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చగా, నిలువుగా ఉంది. రెక్కల్లేవు, వెనక కాళ్లు మాత్రం పొడుగు. వేళ్ల మధ్య నలిపితే చావలేదు. పేనుని కుక్కినట్టు రెండు గోళ్ల మధ్య పెట్టి నొక్కితే టిక్కున చచ్చింది.

బొంత మడతల్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రవ్వ ఉంది. చిటికెడు తీసి తడి దూది మీద వేశాను. రెండు నిమిషాల్లో చుట్టూ ఎర్రగా దిగింది. అది మట్టి కాదు. ఫ్లీలు తాగిన రక్తం రెట్టగా ఎండిపోయింది. గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులు ఆ రెట్టనే తిని పెరుగుతాయి. మీకు అనుమానం ఉంటే ఈ తడి దూది పరీక్ష మీరూ చేసుకోండి, లాబొరేటరీ అక్కర్లేదు.

మేం చేసిన తప్పు ఏమిటో ఆ రోజు అర్థమైంది. ఎలుక బతికి ఉన్నన్నాళ్లూ ఫ్లీలు చాలావరకు దాని వేడి ఒంటినీ, దాని గూటినీ వదలవు. అది చచ్చి ఒళ్లు చల్లబడగానే వాటికి తిండి పోయింది. ఇంకో వెచ్చటి ఒళ్లు వెతుక్కోవాలి. ఆ గదిలో పడుకున్నది నా పిల్లలు.

ఇది నా ఊహ కాదు. మన దేశంలో ప్లేగు ప్రబలిన రోజుల్లో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు సరిగ్గా ఇదే కనిపెట్టాడు. అప్పుడే చచ్చిన ఎలుకను ముట్టుకున్నవాళ్లకి ప్లేగు వస్తోంది, చచ్చి చాలాసేపైన ఎలుకను ఎత్తిపారేసినవాళ్లకి రావడం లేదు, ఎందుకు? రోగుల కాళ్ల మీద చిన్న చిన్న పొక్కులెందుకు ఉన్నాయి? 1898లో కరాచీలో ఆయన ప్లేగు ఎలుకను ఫ్లీలతో సహా ఒక గాజు జాడీలో ఉంచాడు. అది చచ్చేముందు, ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఎలుకను చిన్న బోనులో పెట్టి అదే జాడీలోకి దించాడు. రెండూ ఒకదాన్నొకటి తాకే వీల్లేదు. అయినా కొద్ది రోజుల్లో రెండోది కూడా ప్లేగుతో చచ్చింది. మధ్యలో దూకి వెళ్లింది ఫ్లీలే. కొన్నేళ్లపాటు ఆయన మాట పెద్దగా ఎవరూ నమ్మలేదు. ఎలుకలు రాలితే ఇల్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకోవాలని మన పాతకాలం వాళ్లకి ఏ డాక్టరూ చెప్పకుండానే తెలుసు. మనమేమో ఎలుక చచ్చిందని సంతోషించి అదే గదిలో చాప వేసుకుంటున్నాం.

ప్లేగు వచ్చే ప్రాంతాల్లో ఆరోగ్యశాఖ వాళ్లు పాటించే పద్ధతి కూడా ఇదే. ముందు బొరియల్లో పురుగుల మందు పొడి చల్లి ఫ్లీలను చంపుతారు, తర్వాతే ఎలుకల జోలికి వెళ్తారు. ఈ ఒక్క ముక్క ఎలుకల మందు డబ్బా మీద తెలుగులో అచ్చువేస్తే ఎంత బాగుండును.

అన్నట్టు మందు కొనడం కూడా ఒక పెద్ద తలనొప్పి. ఈ పురుగుకి మన కొట్లలో పేరే లేదు. పేలంటే తలలోవి అనుకుంటారు. గోమార్లు అంటే పశువుల మందు ఇస్తారు. "ఎగిరే నల్లులు" అని చెబితే నల్లుల మందు చేతిలో పెట్టారు. నల్లి ఎగరదయ్యా, మంచంలో ఉంటుంది, ఇది నేల మీద నుంచి దూకుతుందని చెప్పినా వినలేదు. చివరికి గుంటూరులో కుక్కల మందులు అమ్మే షాపులో "ఫ్లీ" అనగానే అర్థం చేసుకున్నారు.

నేను మొదటిసారి స్ప్రే కొట్టాక నాలుగు రోజులు ఒక్క కాటు లేదు. బాధ వదిలిందనుకుని పిల్లల్ని తీసుకుని మా అమ్మగారింటికి వెళ్లాం. మావారు కూడా మాతోనే, అత్తయ్యేమో మా ఆడపడుచు ఇంట్లో ఉంది. వారం తర్వాత తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే ముందుకంటే ఘోరంగా కుట్టాయి. కారణం తర్వాత తెలిసింది. పిల్ల పురుగు పెరిగాక దుమ్ము అంటించుకుని గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోకి స్ప్రే దిగదు. లోపల అది వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఆగగలదు. మనిషి అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఖాళీగా ఉన్న అద్దె ఇంట్లో దిగగానే ఏవో కుట్టాయని కొందరు చెప్పేది ఇందుకే. మనకి కనపడే పెద్ద ఫ్లీలు మొత్తంలో నూటికి ఐదు మాత్రమే అంటారు, మిగతావన్నీ గుడ్లు, పురుగులు, గూళ్లు. కాబట్టి ఒక్క స్ప్రేతో పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అందుకని రెండోసారి మూడు వారాలు పట్టుబట్టాను. ఎలుకనూ, దాని గూడునూ, ఆ బొంతనూ కదపకముందే స్ప్రేతో బాగా తడిపి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఊరి బయట తగలబెట్టించాను. అత్తయ్య బొంత కోసం ఏడ్చింది. నాకూ కష్టంగానే అనిపించింది, కానీ తప్పలేదు. దుప్పట్లు, దిండు గలీబులు రెండు రోజులకోసారి మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి డాబా ఉన్న పక్కింట్లో ఎండేశాం. పరుపులు, చాపలు ఎండలో పెట్టాం. పిల్ల పురుగులకి తేమ కావాలి, పొడి ఎండలో బతకలేవు. చీపురుతో ఊడిస్తే గుడ్లు సందుల్లోకి పోతాయి కాబట్టి మా తమ్ముడి వాక్యూమ్ క్లీనర్ తెచ్చి నాపరాళ్ల సందులన్నీ రోజూ లాగాను. ఆ అదురుకి గూట్లో ఉన్నవి బయటికి వస్తాయి, వచ్చాకే మందుకి చస్తాయి. సంచిలో దుమ్ము ప్రతిసారీ కవర్లో కట్టి బయట పడేశాను. తర్వాత ఆ సందులు సిమెంటుతో పూడ్పించాం. స్ప్రే కూడా మార్చాను. పెద్దవాటిని చంపే మందుతో పాటు పిల్ల పురుగుని ఎదగనివ్వని పైరిప్రాక్సిఫెన్ లాంటిది ఉన్నది అడగండి. మీ ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉన్నది వద్దు, పిల్లి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి రాత్రిపూట నేల మీద పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి, పైన చిన్న లైటు పెట్టేదాన్ని. వెలుతురుకి దూకి నీళ్లలో పడతాయి. మొదటి రాత్రి పందొమ్మిది పడ్డాయి. వారం తర్వాత ఆరు. పదో రోజు మళ్లీ పదకొండు పడితే టెన్షన్ పడ్డాను, కానీ అవి గూళ్లలోంచి వచ్చిన చివరి విడత. ఇరవై మూడో రోజు నుంచి పళ్లెం ఖాళీ.

ఇక వేపాకు పొగ, కర్పూరం, కలరా ఉండలు అని సలహాలు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను అన్నీ చేశాను. ఇల్లంతా వాసన తప్ప ఒక్క ఫ్లీ తగ్గలేదు.

ఎలుకల పని ఆ తర్వాతే పెట్టుకున్నాం. మందు మళ్లీ మా గడప తొక్కనివ్వలేదు. పసుపు భాస్వరం కలిసిన పేస్టు తిని పసిపిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు మీరూ చదివే ఉంటారు, దానికి విరుగుడు మందు లేదు. బోనులో కాల్చిన కొబ్బరి ముక్క పెట్టాం. పడ్డ ఎలుకను బోనుతో సహా సబ్బు నీళ్ల బకెట్లో ముంచాం, దాని మీద ఉన్న ఫ్లీలు కూడా అందులోనే పోయాయి. చూడటానికి మనసొప్పదు, కానీ ఫ్లీలు ఇంట్లో మిగలవు. చచ్చిన ఎలుకను ఒట్టి చేత్తో, పేపరుతో ముట్టుకోకండి. ముందు స్ప్రే కొట్టి, కాసేపాగి, చేతికి కవరు తొడుక్కుని తీయండి.

మీవి చిట్టెలుకలన్నారు కదా, పెన్సిలు దూరేంత సందు చాలు వాటికి. తలుపు కింద, సింకు పైపు పక్కన, ఏసీ పైపు రంధ్రం దగ్గర చూసి, ఇనుప పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. ఎలుకల గూడు ఫ్రిజ్ వెనకో, పాత బట్టల మూటలోనో ఉంటుంది. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దాని ఒళ్లు కూడా దువ్వి చూడండి, ఇళ్లలో ఎక్కువగా కనపడేది పిల్లి ఫ్లీనే.

ప్లేగు వస్తుందేమోనని బెంగ పెట్టుకోకండి. 1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో అది కనపడిన తీరు మాత్రం తెలిసి ఉండటం మంచిది. 1993 భూకంపం తర్వాత జనం ఇళ్లు ఖాళీ చేస్తే, లోపల నిలవున్న ధాన్యం తిని ఎలుకలు పెరిగాయి. ప్లేగు వార్త రాకముందే అక్కడి వాళ్లు ఫ్లీలు కుడుతున్నాయని చెప్పారు. కాటులతో పాటు జ్వరం, తలనొప్పి, ఒంటి మీద దద్దు ఉంటే ఆలస్యం చేయకండి. ఎలుక ఫ్లీల వల్ల వచ్చే టైఫస్ జ్వరం కూడా ఒకటుంది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. డాక్టరు అడగకపోయినా మా ఇంట్లో ఎలుకలున్నాయి, ఫ్లీలు కుట్టాయి అని మీరే ముందు చెప్పండి.

ఇవాళ సాయంత్రం తెల్ల సాక్సులు వేసుకుని ఇంట్లో అన్ని గదులూ తిరిగి, ఏ గదిలో ఎక్కువ ఎక్కాయో కింద రాయండి. గూడు ఎక్కడ వెతకాలో నేను చెబుతాను.