గడియారం టిక్‌టిక్ కాసేపటికి ఎందుకు వినిపించదు? ఆగితే ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినవి మూడు: గోడ గడియారం చప్పుడు కాసేపటికి ఎందుకు వినిపించదు, అది ఆగిపోతే ఎలా తెలుస్తుంది, కారే కుళాయి చప్పుడు మాత్రం ఎందుకు అలవాటు కాదు. ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ స్పందనలు నమోదు చేసే పద్ధతి) ల్యాబులో మేం కొలిచేది సరిగ్గా ఇలాంటి వాటినే కాబట్టి కొలతల వైపు నుంచే చెబుతాను.

చెవి అలసిపోతుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. పసిపిల్లల వినికిడికి చేసే బేరా పరీక్షలో సెకనుకు పది, ఇరవై చొప్పున వెయ్యి, రెండు వేల క్లిక్కులు వినిపించి, వచ్చిన స్పందనలన్నిటికీ సగటు తీస్తారు. వినికిడి నరం, మెదడు కాండం చివరి క్లిక్కు దాకా పలుకుతూనే ఉంటాయి కాబట్టే ఆ సగటులో అలలు తేలతాయి. లేకపోతే ఆ పరీక్షే లేదు. తగ్గుదల ప్రధానంగా కనిపించేది పైన, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో.

శబ్దం మొదలైన సుమారు 100 మిల్లీసెకన్లకు నడినెత్తి మీది ఎలక్ట్రోడ్‌లో ఎన్1 అనే రుణాత్మక అల వస్తుంది. నిశ్శబ్దం తర్వాత వచ్చే తొలి శబ్దానికి అది పెద్దది. రెండో శబ్దానికే బాగా పడిపోతుంది, ఆపైన తగ్గేది కొంచెమే. మళ్లీ పూర్తి ఎత్తుకు రావాలంటే దాదాపు పది సెకన్ల విరామం కావాలి. సెకనుకోసారి కొట్టే గడియారం ఆ వ్యవధి ఇవ్వదు.

అలాగని మెదడు వినడం మానేయదు. 1978లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్, ఆయన సహచరులు వివరించిన మిస్‌మ్యాచ్ నెగెటివిటీ (ఒకేలా వస్తున్న శబ్దాల మధ్య తేడా శబ్దం పడితే మెదడు పోల్చి చూసుకుని ఇచ్చే రుణాత్మక అల) దీనికి సాక్ష్యం. కొలవడం ఇలా: 1000 హెర్ట్జ్ శబ్దాన్ని 75 మిల్లీసెకన్ల నిడివితో అరసెకనుకోసారి వినిపిస్తూ, నూటికి పదిహేనుసార్లు దాని బదులు 1200 హెర్ట్జ్ శబ్దం పెట్టాలి. రెండు తేడా శబ్దాలు వెంటవెంటనే రాకూడదు. మొదట్లో, చివర్లో 5 మిల్లీసెకన్ల చొప్పున శబ్దాన్ని మెల్లగా పెంచి, మెల్లగా దించకపోతే ‘టప్’మనే క్లిక్కు కలుస్తుంది. నుదుటి పైభాగాన ఎఫ్‌జెడ్ ఎలక్ట్రోడ్, దానితో పోల్చే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ముక్కు కొన మీద, ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య విద్యుత్ అవరోధం) 5 కిలో ఓమ్‌ల లోపు. తేడా శబ్దాలు కనీసం 150 ఉండాలి, ఎందుకంటే అల ఎత్తు కొద్ది మైక్రోవోల్టులే. వింటున్నవాళ్లకు శబ్దం లేని సినిమా పెట్టి, చెవిలో పడేది పట్టించుకోవద్దని చెబుతాం. అయినా తేడా వచ్చిన 150–200 మిల్లీసెకన్లకు అల దిగుతుంది.

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. 1200 హెర్ట్జ్ శబ్దం అరుదుగా వస్తుంది కాబట్టి దానికి పలికే కణాలు అలసి ఉండవు. వచ్చిన అల ముందటి శబ్దాలతో పోలికలో పుట్టిందా, తాజాగా ఉన్న ఎన్1 మాత్రమేనా? రెండు శబ్దాల పాత్రలు తారుమారు చేసి మరో బ్లాకు (శబ్దాల విడత) నడిపి, ఒకే శబ్దాన్ని రెండు పాత్రల్లోనూ పోల్చాలి. అప్పటికీ అరుదుదనం తేడా మిగులుతుంది. అందుకే పలు పౌనఃపున్యాలను సమానంగా కలిపి, ప్రతిదాన్నీ అంతే అరుదుగా వినిపించే మూడో బ్లాకు కూడా పెడితే మంచిది. సౌండ్‌కార్డు ఆలస్యం మరో తలనొప్పి: శబ్దం మొదలైందని ఈఈజీ రికార్డులో పడే గుర్తు (ట్రిగ్గర్) ముందు, శబ్దం వెనక. ఆలస్యం స్థిరంగా ఉంటే తీసేయొచ్చు, మారుతూ ఉంటే సగటులో అల చెదిరిపోతుంది. విద్యుత్ సంకేతాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్‌తో ముందే చూసుకోండి.

గడియారం ఆగితే తెలియడాన్ని కూడా మిస్‌మ్యాచ్ నెగెటివిటీతోనే వివరించేస్తుంటారు. నాకది ఒప్పుదల కాదు. శబ్దం రాకపోవడానికి ఆ అల పుట్టాలంటే శబ్దాల మధ్య వ్యవధి సుమారు 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. గడియారానిది పూర్తి సెకను. అంత వ్యవధిలో రాని శబ్దానికి స్పష్టమైన స్పందన కనిపించేది మనిషి దానికోసం ఎదురుచూస్తున్నప్పుడే, అదీ పీ300 (సుమారు 300 మిల్లీసెకన్లకో ఆ తర్వాతో వచ్చే ధనాత్మక అల) లాంటి ఆలస్యపు అల రూపంలో. ఆగిన గడియారాన్ని చాలాసార్లు ఆ క్షణంలో కాక కాసేపయ్యాక గమనించడం దీనితో పొసుగుతుంది.

ఇక కుళాయి. అలవాటుపడటం గురించి పరిశోధకులు థాంప్సన్, స్పెన్సర్ 1966లో క్రోడీకరించిన లక్షణాల్లో రెండు ఇక్కడ పనికొస్తాయి: మెల్లని ప్రేరణకు త్వరగా అలవాటుపడతాం, గట్టిదానికి నెమ్మదిగా. మధ్యలో వేరే ప్రేరణ వస్తే తగ్గిన స్పందన మళ్లీ లేస్తుంది. చుక్క చప్పుడు టక్కున మొదలవుతుంది, కింద గిన్నె ఉంటే నీళ్లు నిండేకొద్దీ స్వరం మారుతుంది, ధార మారితే వ్యవధీ మారుతుంది. పైగా ‘ఇంకోటి పడుతుందా’ అని చెవి ఒగ్గడమే ఎన్1ని పెంచుతుంది. నిద్ర కోసమైతే ఫ్యాన్ హోరు లాంటి ఎడతెగని శబ్దం తక్కువ స్థాయిలో పెట్టండి, చుక్క ఆరంభం అందులో మునిగిపోతుంది. లేదా కుళాయి మూతికి ఒక దారం కట్టి సింకు అడుగుదాకా వేలాడదీయండి. నీళ్లు దాని వెంట జారిపోతాయి, చప్పుడే ఉండదు.